సూరన్నకి చెప్పని అర మెట్టు

ముప్పై ఏళ్లుగా ఒక్క మాట నా నాలుక కింద ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, జపానికి కూర్చున్నా అదే, ఫిడేలు చేతిలోకి తీసుకుంటే మరీ అదే. చెప్పవలసిన రోజున ఆ మాట చెప్పకుండా దాని బదులు ఇంకో మాట చెప్పాను. ఆ ఇంకో మాట మీదే నా పేరూ ప్రతిష్ఠా కట్టుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. చదువుకున్నవారని మాత్రం తెలుసు, ఎందుకంటే ఈ కాగితాలు మీ దగ్గరికి తెచ్చిన మనిషికి చదువు రాదు. ఆమె ఇప్పుడు మీ వాకిట్లో కూర్చుని మీ మొహంలోకి చూస్తూ ఉంటుంది. ఆమెకి వినిపించే ముందు ఒకసారి మీలో మీరు చదువుకోండి. నా పేరు రాయను. కాటికి కాళ్లు చాపుకున్నవాడికి ఇంకా పరువేంటి అంటారేమో. నిజమే. అయినా రాయలేను. ఆమెకి నా పేరు తెలుసు, అది చాలు.

నేను ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. ఫిడేలు వాయిస్తాను. గురువుగారింట్లో పన్నెండేళ్లు నీళ్లు తోడి నేర్చుకున్న విద్య అది. ఇంగ్లీషు పాదిరీల బడిలో వచ్చింది. ఈ రెండూ ఒక్క మనిషికి వచ్చి ఉండటం మా ఊళ్లోనే కాదు, రాజమండ్రిలో కూడా లేదని నా గట్టి నమ్మకం. పొద్దున్నే అద్దంలో బొట్టు పెట్టుకుంటూ ఆ సంగతి నాకు నేను గుర్తు చేసుకునేవాణ్ణి. అంత గర్వం ఉన్నవాడికి శత్రువు బయటినుంచి రానక్కర్లేదు.

ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చి, సముద్రం ఉప్పాడ మీద పడింది. పాకలు, పడవలు, వలలు, మనుషులు, ఏదీ మిగల్చలేదు. మిగిలిన జాలర్లు పడవ లేక, చేసే పని లేక ఒడ్డున కూర్చుని ఉన్నారని మా ఆఫీసుకి కబురు వచ్చింది. మా ఇంజనీరు దొరగారి భార్య పియానో వాయించేది. దాన్ని మేమంతా పెద్దపెట్టె అనేవాళ్లం. ఆమె ఒక కచేరీ పెట్టి, దొరల దగ్గరా జమీందార్ల దగ్గరా షావుకార్ల దగ్గరా టిక్కెట్టు సొమ్ము వసూలు చేసి ఉప్పాడకి పడవలు చేయించి ఇద్దామని సంకల్పించింది. తన ఇంగ్లీషు సంగీతం ఒక్కటే అయితే జమీందార్లు రారని ఆమెకి తెలుసు. అందుకని యానాంలో ఉండే ఒక ఫ్రెంచి దొరకి ఉత్తరం రాసింది, ఆయన వేణువు వాయిస్తాడు. మన సంగీతం కోసం నన్ను పిలిపించింది. ఇంగ్లండు, ఫ్రాన్సు, మన దేశం, ముగ్గురూ ఒకే వేదిక మీద. మన దేశం అంటే నేనే కదా అనుకున్నాను.

బంగళా వరండాలో ఆమె ఎదుట గంటసేపు వాయించాను. కాంభోజి వాయించాను. మా గురువుగారు ఉంటే లేచి కౌగిలించుకునేవారు, అంత బాగా వచ్చింది ఆ రోజు. దొరసాని చేతులు ఒళ్లో పెట్టుకుని మర్యాదగా విన్నది. చాలా బాగుందన్నది. టీ తాగుతారా అని అడిగి, నేను తాగనని గుర్తొచ్చి నొచ్చుకున్నది. అంతలో గేటు బయట రోడ్డు మీద ఒక పెళ్లివారి ఊరేగింపు వచ్చింది. ముందు సన్నాయి. ఆమె మాట మధ్యలో ఆపేసింది. లేచి మెట్లు దిగి, ఎండలో టోపీ కూడా లేకుండా గేటు దాకా వెళ్లి నిలబడింది. మేళం మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా అక్కడే ఉంది. తిరిగి వచ్చేసరికి ఆమె కళ్లు తడిసి ఉన్నాయి. ఎవరతను అని అడిగింది.

మంగలి అన్నాను. ముందు కులం చెప్పాను, తర్వాత పేరు చెప్పాను. ఆమె పేరు ఒక్కటే ఉంచుకుంది.

సూరన్న నాకు కొత్తవాడా? పదిహేను రోజులకోసారి మా పెరట్లో పీట వేసుకుని నాకు క్షౌరం చేసేవాడు. అతని ఇంట్లో తాతల నాటినుంచి మగవాళ్లందరికీ రెండే పనులు, కత్తి, సన్నాయి. పెళ్లిళ్లకి మేళం, మిగతా రోజుల్లో గడ్డాలు. నా ఈడువాడే. అప్పట్లో నేను వాడు అనేవాణ్ణి. ఇప్పుడు అతను అని రాస్తున్నాను. అతను బతికి ఉండగా ఒక్కసారి కూడా అలా అనలేదు.

నిజం చెప్పాలంటే సూరన్న సన్నాయి గొప్పదని నాకు దొరసాని కంటే ముందే తెలుసు. పెళ్లిళ్లలో విని తెలుసు. తెలిసి, తెలియనట్టు తాంబూలం నములుతూ పక్కవాళ్లతో కబుర్లు చెప్పేవాణ్ణి. వాళ్ల విద్య పందిట్లోది, మన విద్య సభలోది అని ఒక గోడ కట్టుకుని దాని వెనక కూర్చున్నాను. ఆ గోడని ఆ పరాయి దేశపు మనిషి ఒక్క పూటలో పడగొట్టేసింది. ఆ క్షణాన నాకు ఎవరి మీద కోపం వచ్చింది? ఆమె మీదా? కాదు. ఎండలో చెప్పులు లేకుండా నడుస్తూ, బుగ్గలు పూరించి తన పని తాను చేసుకుపోతున్న వాడి మీద. నన్ను ఒక్కమాట కూడా అనని వాడి మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

మర్నాటినుంచి సూరన్న బంగళాకి రావడం మొదలుపెట్టాడు. వాళ్లిద్దరికీ మధ్య మాట కలపడం నా పని. మొదటిరోజు అతను వరండా ఎక్కలేదు, కింద నిలబడ్డాడు. దొరసాని కుర్చీ వేయించింది. కూర్చోలేదు. ఆమె తనూ లేచి నిలబడి, అతను కూర్చుంటే గాని తను కూర్చోనని చెప్పమంది. నేను చెప్పాను, కానీ సగమే చెప్పాను. "కూర్చోమంటోంది" అన్నాను, "నువ్వు కూర్చునేదాకా నిలబడే ఉంటుందట" అన్న ముక్క మింగేశాను. ఆ ముక్క ఆమె నిలబడే ఉండటం చూసి అతనికే అర్థమైంది. చివరికి చాప మీద కూర్చున్నాడు. చూడండి, అబద్ధం నాకు ఒక్కరోజులో రాలేదు. అక్కడ, ఆ వరండాలో, ఇంత ఇంత చొప్పున అలవాటు చేసుకున్నాను.

కచేరీలో ముఖ్యమైన అంశం సూరన్న నీలాంబరి అని ఆమె నిర్ణయించింది. అతను రాగం వాయిస్తే ఆమె పెద్దపెట్టె మీద మెల్లగా స్వరాలు కలుపుతుంది. నేను వెనక కూర్చుని షడ్జమం, పంచమం పట్టుకోవాలి. అంటే ఒత్తు ఊదేవాడి పని. పన్నెండేళ్లు నీళ్లు తోడినవాణ్ణి, మంగలి సన్నాయి వెనక శ్రుతి పట్టాలి. సరేనన్నాను. ఉద్యోగం దొరది కదా. ఇంటికి వెళ్లి అన్నం కంచం తోసేశాను.

నీలాంబరి ఎందుకని అడగమంది ఒకరోజు. సూరన్న చెప్పాడు. వాళ్ల అమ్మ పురిట్లోనే పోయిందట. అక్క పెంచింది, ఆమెని అప్ప అనేవాడు. ఆమె పాడే జోలపాట ఆ రాగంలో ఉండేదని పెద్దయ్యాక సన్నాయి నేర్చుకుంటుంటే తెలిసిందట. ఆ అక్కని ఉప్పాడలో ఇచ్చారు. ఉప్పెనలో ఆమె పోయింది. మనిషి దొరకలేదు. ఇదంతా అతను నేల చూస్తూ, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు. ఇది మాత్రం నేను పూర్తిగానే దొరసానికి చెప్పాను. చెప్తుంటే నాకూ జాలేసింది. అయినా ఆమె కళ్లు తుడుచుకుంటూ అతనివైపే చూసేసరికి, ఆ జాలి అక్కడే ఎండిపోయింది. ఒక మనిషి దుఃఖం చూసి కూడా అసూయ పడగలమా? పడగలం. నేను పడ్డాను.

ఇప్పుడు మీకు ఒక్క సంగతి విడమరిచి చెప్పాలి, లేకపోతే నేను చేసింది ఎంత చిన్నదో, ఎంత పెద్దదో తెలియదు. ఫిడేలుకి శ్రుతి మార్చుకోవడం చిటికెలో పని. బిరడా తిప్పితే తీగ బిగుస్తుంది, వదులవుతుంది. సన్నాయికి బిరడాలు లేవు. దాని శ్రుతి అంతా నోట్లో పెట్టుకునే పీకలో ఉంటుంది. గోదావరి లంకల్లో నీటి ఒడ్డున పెరిగే రెల్లు కోసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి, చెక్కి పీక తయారు చేస్తారు. ఇంత ఎక్కువ చెక్కితే ఒక శ్రుతి, తక్కువ చెక్కితే ఇంకో శ్రుతి. దొరసాని పెద్దపెట్టె ఓడలో వచ్చి, మా కాలవల తేమకి తీగలు సడలి, ఉండవలసిన దానికంటే అర మెట్టు దిగి ఉంది. పెట్టె మీద తెల్ల మెట్టుకీ పక్కనున్న నల్ల మెట్టుకీ ఎంత తేడానో అంత. సూరన్న ఆ దిగిన శ్రుతికి పీక చెయ్యడానికి మూడు వారాలు కూర్చున్నాడు. రోజూ వచ్చేవాడు, ఆమె ఒక మెట్టు నొక్కేది, అతను ఊదేవాడు, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు. ఎన్ని పీకలు పారేశాడో. ఒకరోజు ఊదాడు, ఆమె నొక్కింది, రెండూ ఒకటైపోయి ఏది ఏదో తెలియలేదు. ఆమె చప్పట్లు కొట్టింది. ఆ పీకని చిన్న ఇత్తడి భరిణెలో పెట్టి నడుముకి కట్టుకున్నాడు.

మాఘమాసం వచ్చింది. సామర్లకోటలో పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాడు, వారం రోజులు. కచేరీనాటి ఉదయానికి వచ్చేస్తానని చెప్పి పడవెక్కాడు. అతను వెళ్లిన మర్నాడు యానాంనుంచి ఫ్రెంచి దొర వచ్చాడు. వేణువు ఊదాడు, పెద్దపెట్టెతో కలవలేదు. వేణువుకీ బిరడాలు లేవు కదా. దొరసాని కాకినాడలో ఉన్న పియానో పనివాణ్ణి పిలిపించింది. వాడు రెండు రోజులు కూర్చుని తీగలన్నీ బిగించి, పెట్టెని అర మెట్టు పైకి తెచ్చాడు. ఇప్పుడు వేణువు కలిసింది.

ఆ సాయంత్రమే దొరసాని నాతో అన్నది. సామర్లకోట పడవలో వెంటనే సూరన్నకి కబురు పంపండి, అతను ఇంకో పీక చేసుకోవాలి, వ్యవధి కావాలి అని. మరిచిపోలేదు ఆ మహాతల్లి. అలాగేనండి అన్నాను.

కబురు ఎందుకు పంపలేదు? ఎన్నిసార్లు అడిగానో నన్ను నేను. మొదటిరోజు పడవ వెళ్లిపోయిందని చెప్పుకున్నాను. నిజంగానే వెళ్లిపోయింది, కానీ అది వెళ్లేదాకా ఆఫీసులో కూర్చుని కాగితాలు సర్దుతున్నది నేనే. రెండోరోజు చీటీ రాశాను. రాసి జేబులో పెట్టుకుని కాలవ పడవలు ఆగే లాకుల దగ్గరికి వెళ్లాను. పడవవాడు చెయ్యి చాపితే, నీతో పని లేదులే అని వెనక్కి వచ్చేశాను. మూడోరోజుకి ఇక పంపినా ఏం లాభం అనుకున్నాను. చెడ్డపని ఎవడూ ఒక్క దూకులో చెయ్యడు. రేపు, రేపు అనుకుంటూ దానికి దారి ఇస్తాడు.

కచేరీనాటి ఉదయం లాకుల దగ్గర పడవ దిగాడు సూరన్న. సన్నాయి గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, నిద్రలేని కళ్లతో. నేను అక్కడే ఉన్నాను. అనుకోకుండా ఉన్నానా? కాదు. అతను నేరుగా బంగళాకి వెళ్తాడేమోనని కాసుకుని ఉన్నాను. నన్ను చూసి అతని మొహం విప్పారింది.

"దండాలండి పంతులుగారండీ. తమరే ఎదురొచ్చారు, మంచిదైందండి. వారమైందండి పెట్టె విని. శ్రుతి అలాగే ఉందాండి? మారలేదు కదండి?"

"ఎందుకు మారుతుంది?" అన్నాను.

"ఏమోనండి. తేమకి దిగిందని తమరే అన్నారు కదండి. ఇంకాస్త దిగినా, ఎక్కినా ఇప్పుడే చెప్పెయ్యండి. ఇంటికాడ పాత పీకలున్నాయండి, పొద్దుగూకేలోపు ఒకటి సరి చేసుకుంటానండి. మా అప్ప పేరు చెప్పుకుని వాయించేదండి ఇది. తప్పు పోకూడదండి."

అవకాశం ఆ మనిషే ఇచ్చాడు. చేతిలో పెట్టి మరీ ఇచ్చాడు. ఒక పగలు చాలు అతనికి. మూడు రోజుల నా తప్పంతా ఒక్క మాటతో కడుక్కుపోయేది.

"లేదు. మారలేదు," అన్నాను.

"తమరు చెప్పారంటే ఇంకేంటండి," అన్నాడు. నవ్వి, భరిణె తడుముకుని వెళ్లిపోయాడు.

ఇక్కడితో ఆగి ఉంటే, నోరు జారిందని చెప్పుకోవడానికైనా ఉండేది. అక్కడినుంచి తిన్నగా దొరసాని దగ్గరికి వెళ్లాను. కచేరీలో మొదట వేణువు, తర్వాత సన్నాయి అని రాసుకుంది ఆమె. వేణువు, పెద్దపెట్టె కలిసి ముందే వినబడితే సూరన్నకి శ్రుతి తెలిసిపోతుంది. మా ఆచారం ప్రకారం ఏ శుభకార్యమైనా మంగళవాద్యంతోనే మొదలవ్వాలి, సన్నాయి ముందుండాలి అన్నాను. ఆమె ఎంతో సంతోషించి, ముందే ఎందుకు చెప్పలేదని అడిగి, క్రమం మార్చింది. అది ఆచారమే. ఏం అబద్ధం కాదు. సూరన్న తాతలు తండ్రులు కాపాడిన ఆచారంతోనే అతని గొంతు కోశాను. ఇంటికి వచ్చి ఫిడేలు కొత్త శ్రుతికి బిగించుకుని, గుడ్డ చుట్టి, మళ్లీ తీగ ముట్టుకోలేదు. అతని చెవిన పడకూడదు కదా.

సాయంత్రం కాలవల వర్కుషాపు షెడ్డు నిండిపోయింది. ముందు వరసల్లో దొరలు, దొరసానులు, జమీందార్లు. వెనక ఊరివాళ్లు. వేదిక మీద మధ్యలో తివాచీ, దాని మీద సూరన్న. కొత్త పంచె కట్టుకున్నాడు. ఆ ఊళ్లో అతని కులంవాడు జమీందార్ల కంటే ఎత్తున కూర్చోవడం అదే మొదటిసారి. వెనక నిలబడ్డ అతని వాళ్లందరూ ఒకళ్లమీద ఒకళ్లు పడి చూస్తున్నారు. పక్కన పెట్టె ముందు దొరసాని. వెనక నేను.

శ్రుతి పట్టవలసిన నేను ఫిడేలు ఎత్తలేదు. ఆమె మొదటి స్వరాలు నొక్కింది. సూరన్న అప్పటికే పీక నోట పెట్టుకుని ఉన్నాడు, అదే క్షణాన ఊదాడు.

ఆ చప్పుడు నేను రాయలేను. తలుపు మధ్య వేలు పడినట్టు అనిపించింది నాకే. సూరన్న ఆపలేదు. పెదవులు బిగించి, పీకని పళ్లతో నొక్కి, శ్రుతిని పైకి లాగడానికి చూశాడు. మెడ నరాలు పొంగాయి. కాస్త పైకి వచ్చింది, కీచుమంది, జారిపోయింది. మళ్లీ లాగాడు. ముందు వరసలో ఎవరో దొరసాని విసనకర్ర అడ్డం పెట్టుకుని నవ్వింది. జమీందార్లు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. దొరసాని చేతులు మెట్ల మీద ఆగిపోయాయి. ఆమె సూరన్నని చూడలేదు, నన్ను చూసింది.

సూరన్న సన్నాయి దించాడు. ఒకసారి చెవిలో వేలు పెట్టి దులుపుకున్నాడు, నీళ్లు పోయాయేమో అన్నట్టు. అతను పెట్టె తప్పనుకోలేదు. నా మాట తప్పనుకోలేదు. తన చెవి పాడైందనుకున్నాడు.

అప్పుడు నేను ఫిడేలెత్తి నీలాంబరి అందుకున్నాను. పెట్టెతో చక్కగా కలిసింది. కలవదా మరి? దొరసానికి వేరే దారి లేక నాతో కలిపి వాయించింది. చప్పట్లు షెడ్డు రేకులు అదిరేలా మోగాయి. పరువు కాపాడావయ్యా అని ఒక జమీందారు ఆ వేదిక మీదే శాలువా కప్పారు. శాలువా సర్దుకుని చూసేసరికి తివాచీ మీద సూరన్న లేడు.

అతనికి కబురు పంపారు కదా అని దొరసాని అడిగింది. పంపానండి, పెళ్లిళ్ల హడావిడిలో పట్టించుకోలేదేమో, వాళ్లంతేనండి అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. నెల తిరక్కుండా దొరగారికి బదిలీ అయి ఆమె వెళ్లిపోయింది. పెట్టె శ్రుతి సంగతి తెలిసి, సూరన్న భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

కచేరీ సొమ్ముతో ఉప్పాడకి పడవలు వచ్చాయి. అప్పగించే రోజున ఆఫీసు తరఫున నన్నూ పంపారు. జాలర్లు నా చేతులు కళ్లకద్దుకున్నారు. ఒక ముసలామె మాత్రం, మా వీధిలో ఉండి ఉప్పెనలో పోయిన ఫలానా అమ్మ తమ్ముడు కూడా వాయిస్తాడని విన్నామే, ఆయన రాలేదా బాబూ అని అడిగింది. పనుండి రాలేదన్నాను. ఆ పడవలు ఎన్ని సంసారాలు నిలబెట్టాయో తలుచుకుని, పోనీలే, పుణ్యకార్యమైతే జరిగింది కదా అనుకుందామని చాలాసార్లు చూశాను. పుణ్యం వాళ్ల వాటాకి వెళ్లింది. నా వాటాకి వచ్చింది వేరు.

పేరు వచ్చింది. దొరసానితో వాయించిన పంతులు అని పిఠాపురంలో పిలిచారు, తణుకులో పిలిచారు, బందరులో పిలిచారు. ప్రతిచోటా నీలాంబరి అడిగేవారు.

సూరన్న మళ్లీ సన్నాయి పట్టలేదు. మేళం తమ్ముడికి అప్పగించి కత్తి ఒక్కటే ఉంచుకున్నాడు. పదిహేను రోజులకోసారి మా పెరట్లోకి వచ్చి నా తల వంచి, మెడ మీద కత్తి పెట్టేవాడు. ముప్పై ఏళ్లు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతను గొంతు సవరించుకుంటే చాలు నా గుండె ఆగిపోయేది. అతను ఏమీ అనలేదు. అనడానికి అతని దగ్గర ఏముంది? ఒక్కసారి మాత్రం, లోపల మా శిష్యుడెవరో ఫిడేలు సాధకం చేస్తుంటే కత్తి ఆపి విన్నాడు. శ్రుతి శుద్ధంగా ఉందాండి అని నన్నడిగాడు, తన చెవికి నమ్మకం లేక. ఆ ప్రశ్నకి నాకు ఏడుపు రాలేదు. లోపల ఎక్కడో, అవును, ఇంకా నేనే పైన ఉన్నాను అన్న సంతోషం ఒకటి మెదిలింది. అన్నిటికంటే రాయడానికి కష్టమైన ముక్క ఇదే.

మొన్న కార్తీకంలో సూరన్న పోయాడు. పెద్దకర్మ అయ్యాక అతని భార్య మహాలక్ష్మి మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతిలో గుడ్డ చుట్టిన సన్నాయి, ఇత్తడి భరిణె.

"ఇది తమరికి చూపించమన్నారండి పోయేముందు," అంది. "ఆ రోజు ఈ పీక తప్పో, ఆయన చెవి తప్పో పంతులుగారికి తెలుస్తాదన్నారండి. ఇన్నాళ్లూ అడగడానికి సిగ్గుపడ్డారండి."

చూసి చెప్తానన్నాను. ఆమె గుమ్మంలో పెట్టి వెళ్లింది. మళ్లీ రెండుసార్లు వచ్చింది. ఇంకా చూడలేదన్నాను రెండుసార్లూ.

నిన్న పొద్దున చూశాను. ముప్పై ఏళ్లుగా నా ఫిడేలు ఆ కొత్త శ్రుతిలోనే ఉంది. బిరడా తిప్పి అర మెట్టు దించాను. భరిణె తెరిచి పీకని చెంబునీళ్లలో నానబెట్టాను. దాన్ని నోట పెట్టుకోవాలి. వేరొకడి ఎంగిలి, అందులోనూ మంగలి ఎంగిలి, అని నా లోపలివాడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, సిగ్గులేకుండా. పెట్టుకున్నాను. మొదట గాలే వచ్చింది. రెండుమూడుసార్లకి ఒక్క స్వరం పలికింది. తీగ మీటాను.

రెండూ ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ పీక ఇన్నేళ్లూ ఆ భరిణెలో సరిగ్గా అదే శ్రుతిలో కూర్చుని ఉంది.

మహాలక్ష్మి మళ్లీ వస్తే మొహం చూసి చెప్పగలనా? రాత్రంతా ఆలోచించలేదు, ఆలోచించనక్కర్లేకుండానే తెలుసు, చెప్పలేను. మళ్లీ చూడలేదంటాను. అందుకని ఇవాళ ఈ కాగితాలు రాసి, సన్నాయితో పాటు భరిణె ఆమె చేతికే ఇచ్చి, జవాబు ఇందులో ఉంది, చదువు వచ్చినవాళ్ల చేత చదివించుకో అంటాను. ఇది పిరికితనమే. ముప్పై ఏళ్ల కిందట ఒక మాట అందించవలసినవాణ్ణి నేను. ఇప్పుడు ఆ పని మీ నెత్తిన పెడుతున్నాను. నన్ను క్షమించమని ఆమెని అడగకండి, నేను అడగడం లేదు. అతని బదులు క్షమ ఇవ్వడానికి ఆమె ఎవరు, పుచ్చుకోవడానికి నేనెవరిని. రాస్తుంటే మాత్రం నాలుక కింద కాస్త ఖాళీ అయినట్టుంది. అంతే.

మిగతాదంతా ఆమెకి చదివినా చదవకపోయినా మీ ఇష్టం. ఈ చివరి ముక్క మాత్రం ఒక్క మాట మింగకుండా, గట్టిగా చదవండి. అతను లాకుల దగ్గర అడిగినదానికి నేను చెప్పవలసిన జవాబు ఇది.

మారింది సూరన్నా. పెట్టె శ్రుతి అర మెట్టు పెరిగింది. నీ పీక తప్పు కాదు, నీ చెవి తప్పు కాదు. నాకు తెలుసు.